జూబిలీ మీద హార్టెల్
రౌతు మనసులోని మాట గుర్రానికి ఎక్కువగా కాళ్ల ద్వారానే అందుతుంది. పిక్కలతో కాస్త అదిమితే ముందుకు సాగుతుంది, ఒక కాలు వెనక్కి జరిపి నొక్కితే పక్కకు కదులుతుంది. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు ఆ దారి మూసుకుపోయింది. 1944లో, కడుపుతో ఉండగా పోలియో సోకింది. బిడ్డ క్షేమంగా పుట్టింది గానీ, తల్లికి మోకాళ్ల కింద చచ్చుబడిపోయింది.

గుర్రం ఎక్కాలంటే మనిషి సాయం కావాలి. ఎక్కాక అసలు కష్టం మొదలు. రికాబులో పాదం ఉన్నా దాని మీద బలం ఆనదు. అడుగడుగునా ఎగిరే వీపు మీద తొడలతో, నడుముతోనే నిలదొక్కుకోవాలి. కాళ్లతో చెప్పాల్సినదంతా ఒంటి బరువును అటూఇటూ మార్చి చెప్పడం హార్టెల్ సాధన చేసింది. జూబిలీ అనే ఆడగుర్రం ఆ సైగలకు అలవాటుపడింది. ఇందులో గుర్రం ఓర్పునూ తక్కువ చేయలేం.

రౌతు సైగలకు గుర్రం చేసే విన్యాసాల పోటీ, ఒలింపిక్ డ్రెసాజ్, అంతవరకూ సైనికాధికారులదే. 1952లో హెల్సింకీలో మహిళలకు తొలిసారి అవకాశం దక్కగానే హార్టెల్ రజతం గెలిచింది. పతక వేదిక ఎక్కడానికి స్వర్ణ విజేత, స్వీడన్ రౌతు హెన్రీ సాన్ సీర్ సాయపడ్డాడు. 1956లో స్టాక్‌హోమ్‌లో మళ్లీ రజతమే, మళ్లీ జూబిలీ మీదే.