ఊత్తుకోటలో ఒక రాత్రి

ఊత్తుకోటను చూడనివారు మన పాఠకులలో ఉండరనుకుంటాము. కాని ఊత్తుకోటలో రాత్రి పడుకున్నవారు ఎందరు? చెన్నపట్నం నుండి పెరియపాళెం మీదుగా తిరుపతికి పోయే పాత దారిలో అది ఒక మజిలీ. బస్సు ఆగుతుంది, కాఫీ తాగుతాము, పూలు కొంటాము, మళ్ళీ బయలుదేరుతాము. మేమూ చిన్నతనం నుండి ఎన్నోసార్లు ఆ ఊరు దాటాము గాని, అక్కడ ఒక రాత్రి గడపవలసి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

ఆరణి నది ఒడ్డున ఉన్న ఆ ఊరు తిరువళ్ళూరు జిల్లాలో తాలూకా కేంద్రం. కాస్త నడిస్తే ఆంధ్రదేశం. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు ప్రాంతం అటు వెళ్ళింది. భాష మాత్రం ఆ గీతకు లొంగలేదు. ఊత్తుకోట అంగళ్ళలో తమిళంలో బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించవచ్చు. కండలేరు నుండి పూండికి వచ్చే కృష్ణానది నీరు తమిళనాట అడుగుపెట్టేది కూడా ఈ ఊరి దగ్గరే. ఆ నీరు మొదటిసారి వచ్చింది 1996లో. నీటికి దారి దొరికింది సరే, చీకటి పడిన తరువాత ఒక ఆడదానికి అక్కడ తల దాచుకునే చోటు దొరుకుతుందా అన్నదే ఇక్కడ చెప్పదలచిన సంగతి.

2025 కార్తీకంలో సోమవారమూ ప్రదోషమూ కలిసివచ్చిన రోజున ముగ్గురం ఆడవాళ్ళం బయలుదేరాము. మా పిన్ని, మా అమ్మాయి, ఈ వ్రాస్తున్న మేము. పిన్నికి అరవై ఎనిమిదేళ్ళు. అమ్మాయి చదువు ముగిసి, ఒక ఉద్యోగం కోసం కోయంబత్తూరు నుండి పిలుపు వచ్చింది. రెండు వారాలలో ఒక్కతే వెళ్ళి రెండు రాత్రులు ఉండి రావాలి. ఆఫీసులో మాకు సెలవు లేదు. "పెళ్ళి కావలసిన పిల్ల. తెలియని ఊళ్ళో రాత్రి ఎక్కడ పడుకుంటుంది?" అని పిన్ని పట్టు. తల్లి లేని మమ్మల్ని పెంచిన మనిషి, ఆమె కాదన్నది దాటి ఎరుగము. గుడులు చూపించి వస్తే పిన్ని మనస్సు మెత్తబడుతుందని అమ్మాయే ఈ ప్రయాణం పెట్టింది.

పొద్దున పెరియపాళెంలో భవానీ అమ్మవారి దర్శనం. ఆంధ్రదేశం నుండి గాజుల మూటతో వచ్చిన వర్తకుడొకడు అక్కడి వేపచెట్టు క్రింద అలసి నిద్రపోగా, లేచేసరికి గాజులు మాయమై, తరువాత పుట్టలో కనిపించాయని ఆ గుడి కథ. ఆడిమాసం నుండి కొన్ని వారాలపాటు, శనివారం రాత్రి వేలకొద్దీ కుటుంబాలు అక్కడే పడుకుని ఆదివారం పొంగళ్ళు పెడతాయి. ఆడవాళ్ళు వేపాకు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు. పిన్ని తన పెళ్ళయిన కొత్తలో అక్కడ ఆరుబయట పడుకున్న రాత్రిని తలచుకుని మురిసిపోయింది.

సాయంకాలానికి సురుటుపల్లి చేరాము. ఊత్తుకోటకు రెండు మూడు కిలోమీటర్లే గాని అది ఆంధ్రలో, నాగలాపురం మండలంలో ఉంది. హాలాహలం మింగి సొమ్మసిల్లిన శివుడు అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని శయనించిన మూర్తి అక్కడ తప్ప సామాన్యంగా కానరాదు. పళ్ళికొండేశ్వరుడంటారు. ప్రదోషపూజ కన్నులపండుగగా జరిగింది. తరువాత వాన పట్టుకుంది. మండపంలో నిలబడిపోయాము. తెరిపి ఇచ్చాక ఆటోలో ఊత్తుకోట బస్‌స్టాండు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తిరువళ్ళూరులో చుట్టాల ఇంట పడుకుని మరునాడు తిరుత్తణి వెళ్ళాలన్నది మా ఏర్పాటు. తిరువళ్ళూరు బస్సు ఇక లేదన్నారు. తప్పు మాదే. గుడి వేళలు కనుక్కున్నాము గాని ఆఖరి బస్సు వేళ కనుక్కోలేదు. కారు మాట్లాడుదామంటే, చీకట్లో ముక్కూ మొహం తెలియనివాడి బండి వద్దంది పిన్ని.

దగ్గరలో ఒక లాడ్జి కనిపించింది. గుమాస్తా మా మొహాలు చూడలేదు, మా వెనక్కు చూశాడు. "జెంట్స్ ఎవరూ రాలేదా?" అన్నాడు. లేరన్నాము. ముగ్గురి ఆధార్ కార్డులూ బల్లమీద పెట్టాము. "ఆడవాళ్ళు మాత్రం వస్తే గది ఇవ్వమమ్మా. ఓనరు ఆర్డరు. మీ మంచికే" అన్నాడు. అతని వెనుక పలకకు తాళంచేతులు వరుసగా వేలాడుతున్నాయి. మరొక చోట మేడమీద గదులు, క్రింద సారా దుకాణం. ఆ మెట్లు మేమే ఎక్కలేదు. పిన్ని ఏమీ అనకుండా అమ్మాయి వైపు చూసింది. ఆ చూపులో రెండు వారాల వాదన అంతా ఉంది. అమ్మాయి తల వంచుకుంది.

బస్‌స్టాండులో పూలు అమ్ముకునే ఒక ముసలావిడ బుట్ట సర్దుకుంటున్నది. మా మాటలు విని దగ్గరకు వచ్చింది. "ఏం మా, యాడికి పోవాల? తిరువళ్ళూరు బండి పోయి శానాసేపాయె. ఈడ ఒంటిగా కూసోవద్దు. నా ఎంబడి రాండి" అంది. ఆ రాత్రి ఒక కల్యాణమండపంలో పెళ్ళివారు దిగి ఉన్నారు. ముహూర్తం తెల్లవారుజామున. మాలలు ఇచ్చినది ఈమే. లోపలికి వెళ్ళి పెళ్ళికూతురి మేనత్తతో చెప్పింది. ఆ మేనత్త మమ్మల్ని మూడే ప్రశ్నలు అడిగింది. "ఎవరమ్మా మీరు? భోజనాలైనాయా? ఇంటికి ఫోను చేసి చెప్పారా?" అంతే. ఆకులు వేసి వడ్డించారు. మేడమీద ఆడవాళ్ళ హాలులో చాపలు ఇచ్చారు. ఇరవైమంది ఆడవాళ్ళు, పిల్లలు. దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంది. పెళ్ళికూతురి అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. పిన్ని అయిదు నిమిషాలలో గుర్రుపెట్టింది. తెల్లవారి అక్షింతలు వేసి, నూటపదహార్లు చదివించి బయలుదేరాము. పూలావిడ మాత్రం రూపాయి ముట్టలేదు. ఆమె దగ్గర మూడు మూరల మల్లెలు కొన్నాము.

మరి, ఆ రాత్రి మమ్మల్ని కాపాడినది ఏమిటి? తాళం కాదు. లాడ్జిలోనూ తాళాలు ఉన్నాయి. మేమెవరమో అడిగి తెలుసుకున్న ఒక మనిషి, ఆరని దీపం, చుట్టూ ఆడవాళ్ళు, గుమ్మం దగ్గర ఒక పెద్దదిక్కు. ఇవి నాలుగూ ఉన్నచోట రాత్రి రాత్రిలాగా ఉండదు. కాని ఊత్తుకోటలో ప్రతి రాత్రీ పెళ్ళి జరగదు. ముగ్గురం కాబట్టి పూలావిడ వెంట నడిచాము. మా అమ్మాయి ఒక్కతే అయితే, తెలియని మనిషి వెంట వెళ్ళమని చెప్పగలమా? చెప్పలేము. అదృష్టాన్ని ఏర్పాటు అనుకోకూడదు.

ఆడవాళ్ళకు గది ఇవ్వరాదని చెప్పే చట్టం ఏదీ లేదు. పైగా 1950 నాటి మన రాజ్యాంగం 15వ అధికరణంలో, స్త్రీ అనిగాని, కులం, మతం పేర గాని హోటళ్ళలో ప్రవేశానికి ఎవరికీ అడ్డు చెప్పరాదని వ్రాసి ఉంది. అయినా రాత్రి పదిగంటలకు రాజ్యాంగం తెరిచి గుమాస్తాకు చదివి వినిపించేవారెవరు? ప్రయాణానికి ప్రభుత్వాలు చేసింది తక్కువ కాదు. తమిళనాట 2021 మే నుండి సాధారణ టౌను బస్సులలో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం క్రింద ఆ రాష్ట్రపు ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో ఉచితం. వెళ్ళడం సులువైంది. చేరినచోట చీకటి పడితే ఏమిటన్నది మాత్రం ఎవరికి వారే చూసుకోవలసి వస్తున్నది.

పూర్వం ఇది ఎవరికి వారు చూసుకునే పని కాదు. తిరువళ్ళూరు చేరి అక్కడ నుండి తిరుత్తణి బస్సు ఎక్కాము. దారిలో కనకమ్మసత్రం అనే ఊరు వచ్చింది. ఆ పేరు ఇదివరకు ఎన్నిసార్లు విన్నామో, దాని అర్థం ఆ రోజే చెవికి ఎక్కింది. ఒక ఆడమనిషి పేర ఉన్న సత్రం ఏకంగా ఊరి పేరై నిలిచింది. మన తెలుగువాళ్ళలో బాటసారులకు అన్నం పెట్టి చోటు ఇచ్చే పూటకూళ్ళ ఇళ్ళు నడిపినవారిలో చాలామంది ఆడవాళ్ళే. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిలోని సత్రాలను, బసలను శ్రద్ధగా వ్రాసుకున్నారు. సత్రాలు నడిపేవారు తగినంతమంది కావలివాళ్ళను పెట్టాలనీ, రుసుముల పట్టీ అందరికీ కనిపించేలా కట్టాలనీ 1867 నాటి సరాయి చట్టం విధించింది. రాత్రి బస అంటే నలుగురి బాధ్యత అని ఆ కాలంవారు ఎరుగుదురు.

తిరుత్తణిలో మధ్యాహ్నానికే దేవస్థానంవారి విడిదిలో గది తీసుకున్నాము. గుర్తింపు కార్డులు చూపించి పేర్లు వ్రాయించాము. సంవత్సరానికి రోజుకొకటి చొప్పున 365 మెట్లు అంటారు ఆ కొండకు. పిన్నిని బండిలో పంపి మేము మెట్లు ఎక్కాము. ఏటా డిసెంబరు 31 రాత్రి అక్కడ మెట్ల ఉత్సవం జరుగుతుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ భజనలు చేస్తూ అర్ధరాత్రి ఆ మెట్లు ఎక్కుతారు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోవెల దగ్గరా అంతే, అమావాస్యకు ముందు రాత్రే వచ్చి పడుకునే కుటుంబాలెన్నో. ఆ రాత్రులను ఎవరూ ఆడవాళ్ళకు తగనివి అనరు. కనుక తప్పు రాత్రిది కాదు. నలుగురు లేని చోటుది.

ఇది మన దేశపు బెంగ మాత్రమే కాదు. ఇటలీ దక్షిణాన నేపుల్సు, పాలెర్మో వంటి పట్టణాలకు ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళూ ముందు వెదికేది బసనే. అక్కడ కన్యాస్త్రీల మఠాలు కొన్ని యాత్రికులకు గదులు ఇస్తాయి. రాత్రి ఒక వేళకు తలుపు మూస్తారు, ఆలోగా రావాలి. బస ఇచ్చినవారు ఎవరైనా, దిగినవారి వివరాలు ఇరవైనాలుగు గంటలలోగా పోలీసులకు తెలపాలన్నది ఆ దేశపు చట్టం. వాకిట అడిగే మనిషి ఉండాలన్న పిన్ని లెక్కే అక్కడా నడుస్తున్నది.

మా అనుభవం మీద నాలుగు మాటలు. వెళ్ళే బస్సు కంటె తిరిగి వచ్చే ఆఖరి బస్సు వేళ ముందు కనుక్కోవాలి. ఊత్తుకోటకు రైలు లేదు. పొద్దుండగానే తిరువళ్ళూరు చేరితే రైలు, జనం, దీపాలు ఉంటాయి. గదికి ముందుగా ఫోను చేసి, ఆడవాళ్ళమే వస్తున్నామని చెప్పి, ఒప్పుకున్నవారి పేరు వ్రాసుకోవాలి. గది చూసిన తరువాతే డబ్బు కట్టాలి. లోపలి గడియ, కిటికీ, స్నానాలగది తలుపు చేత్తో వేసి చూడాలి. ఆపదలో 112, ఆడవాళ్ళ సహాయానికి 181, రైలులో 139. మొదటి రెండూ సరిహద్దుకు ఇరుపక్కలా పలుకుతాయి. "అది మా పరిధి కాదు, ఆంధ్రలో ఇవ్వండి" అని పోలీసుస్టేషనులో అంటే నమ్మి వెనుదిరగనక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరమైతే అది ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. సరిహద్దు ఊళ్ళవారికి ఇది తెలిసి ఉండడం మంచిది.

తిరుగుప్రయాణంలో, రైలులో, పిన్ని తనంత తానే ఎత్తింది. "ఆ పిల్లను వెళ్ళనీ. కాని బస ఎక్కడో ముందు తేల్చండి. రాత్రి గుమ్మం ఎవరు వేస్తారో అడగండి" అంది. అమ్మాయి కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మన సంఘంలో ఒకరిని అడిగితే, కోయంబత్తూరులో వారి బంధువుల ఇల్లు చెప్పారు. ఆ ఇంటావిడే రైల్వే స్టేషనుకు వచ్చి తీసుకువెళ్ళారు. అమ్మాయి వెళ్ళి, పని చూసుకుని, క్షేమంగా వచ్చింది.

అందుకని సంఘం పెద్దలకు ఒక మనవి. తమిళనాట మన కుటుంబాలు లేని ఊరు అరుదు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకు ఒక రాత్రి చోటు ఇవ్వగల ఇళ్ళ పేర్లు ఊరూరా సేకరించి, సంఘం కార్యాలయంలో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవచ్చును. ఇచ్చేవారి గురించి, వచ్చేవారి గురించి సంఘమే విచారించి పూచీ పడితే ఇరుపక్కలా భయం ఉండదు. సత్రం కట్టే స్తోమత మనలో అందరికీ లేదు. చాప పరిచే చోటు చాలామందికి ఉంది. ఆ పుస్తకంలో మొదటి పేరు మాది వ్రాసుకోవచ్చు. మా హాలులో ఇద్దరు పడుకోవచ్చు. గుమ్మం దగ్గర పిన్ని ఉంటుంది.