కొవ్వు గడ్డేనన్నారు

ఇటిక్యాల నుంచి తెల్లారకముందే బయల్దేరాం. కృష్ణ వంతెన ఎక్కే ముందు బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి చిన్నాయన దండం పెట్టుకున్నాడు. తొడలో గడ్డ మళ్లీ లేచింది. మూడేళ్ల కింద కోసి తీసినవాళ్లు ‘ఉత్త కొవ్వు గడ్డే’ అన్నారు. తీసిన ముక్కను పరీక్షకే పంపలేదు. ఆ కోపం నాకింకా తీరలేదు.

ఈసారి హైదరాబాదులో సూదితో ముక్క తీసి, ఐహెచ్‌సీ (ముక్కలోని ప్రొటీన్లను యాంటీబాడీలతో గుర్తించే పరీక్ష) చేయాలన్నారు. అదేమిటో చూస్తానంటే ల్యాబు డాక్టరమ్మ ఒప్పుకున్నారు.

లోపల ఫార్మలిన్ ఘాటు. చిన్నాయన ముక్క చిన్న మైనం దిమ్మలో ఉంది. టెక్నీషియన్ దాన్ని మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పుతుంటే 3, 4 మైక్రాన్ల పొరలు రిబ్బనులా జారాయి. వాటిని గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి, గాజు పలకను కింద నుంచి ఏటవాలుగా పెట్టి ఎత్తాడు. ముడత పడ్డ పొరను పారేసి ఇంకొకటి ఎత్తాడు. తొందరపడలేదు.

బల్ల మీద ప్రెషర్ కుక్కర్ కనిపించింది. మన వంటింట్లో ఉండేదే. ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలినే అందులోని ప్రొటీన్లను బిగించేస్తుందట. బఫర్‌లో ఉడికిస్తే ఆ బిగువు సడలి యాంటీబాడీకి దారి దొరుకుతుంది. ఇలా వేడితో విప్పే పద్ధతి 1991లో వచ్చింది. ముక్కను సరిగ్గా ఫార్మలిన్‌లో వేయకపోతే మాత్రం ఏ కుక్కరూ కాపాడలేదు. మీ ఇంట్లో ఎవరికి గడ్డ తీసినా, అది ఎంత మామూలుదన్నా, పరీక్షకు పంపమని పట్టుబట్టండి.

యాంటీబాడీ తన ప్రొటీన్‌ను పట్టుకున్న చోట, చివర్లో వేసే డీఏబీ అనే రసాయనంతో గోధుమ రంగు తేలుతుంది. మిగతా కేంద్రకాలు హెమటాక్సిలిన్ నీలంలో ఉంటాయి. డెస్మిన్ పడితే కండరం వైపు, సీడీ31 పడితే రక్తనాళం వైపు ఆలోచిస్తారు. "ఒక్క మార్కర్‌తో తీర్పు చెప్పం" అన్నారు డాక్టరమ్మ. కొవ్వులా కనిపించే గడ్డకు అడగాల్సినవి ఎండీఎం2, సీడీకే4.

సాయంత్రం ముందు కంట్రోల్ స్లైడు చూశారు. అందులో రంగు పడితేనే మిగతా స్లైడ్లను నమ్ముతారు. తర్వాత నన్ను పిలిచి చిన్నాయన స్లైడు చూపించారు. ఖాళీ బుడగల్లాంటి కొవ్వు కణాలు, వాటి నడుమ తెరల్లో వంకర కేంద్రకాలు. అవన్నీ చిక్కటి గోధుమ రంగు.

అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్. జీన్ పరీక్షతో ఖాయం చేస్తామన్నారు. ఇలాగే ఉన్నంతకాలం వేరే అవయవాలకు పాకదు. కొంచెం మిగిలినా మళ్లీ లేస్తుంది, ఎప్పుడైనా ముదురు రకంగా మారొచ్చు. అందుకే ఈసారి మొత్తం తీయాలి.

బయట బెంచీ మీదున్న చిన్నాయనకు అంతా చెప్పాను.

"ముక్క పారెయ్యలే గదా?"

"లేదు చిన్నాయనా, దిమ్మ దాచిపెడతరు. ఏండ్ల తర్వాతయినా కోసి చూడొచ్చట."

జేబులోంచి సీడు పత్తి లెక్కల పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. దిమ్మ నంబరు అందులో రాయమన్నాడు.