ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

మా అమ్మ పాడగా విని నేను కంప్యూటరులోకి ఎక్కించుకొన్న పాటలు ఇరవై ఆరు. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు. ప్రతి రాత్రీ వాటి ప్రతిని అద్దె సర్వరులో దాచే పనిని ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టుకు అప్పగించాను. అది చేసిన, కాదు, నేను దానిచేత చేయించిన తప్పు గురించి ఈ నాలుగు మాటలు.

దాచే ప్రోగ్రాము మౌనంగా పని చేసుకుపోయేది కాదు. సంకేతపదం అడుగుతుంది, పాత ప్రతిమీద కొత్తది వ్రాయనా అని అడుగుతుంది. జవాబులన్నీ ఒక ఫైలులో వ్రాసి ముందే అందిద్దామంటే కుదరదు. సంకేతపదం అడిగే ప్రోగ్రాములు చాలావరకు దానిని టెర్మినల్ నుండే నేరుగా చదువుతాయి. ఈ చిక్కు విప్పడానికే 1990లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో డాన్ లిబెస్ ఎక్స్‌పెక్ట్‌ను వెలువరించారు. టీసీఎల్ భాషపై నిలిచిన ఈ పనిముట్టు ప్రోగ్రాముకు ఒక మాయా టెర్మినల్‌ను చూపి, ఎదుట మనిషే కూర్చున్నాడని నమ్మిస్తుంది. స్పాన్ అంటే ప్రోగ్రామును మొదలుపెట్టు. ఎక్స్‌పెక్ట్ అంటే ఫలానా ప్రశ్నకోసం ఎదురుచూడు. సెండ్ అంటే ఈ జవాబు పంపు.

తర్కసంగ్రహం చదువుకొన్నవాడికి ఇది కొత్తగా తోచదు. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలంటాడు అన్నంభట్టు. ఒక పదం మరొక పదంకోసం ఎదురుచూడడం ఆకాంక్ష. ఎక్స్‌పెక్ట్ అన్నా అదే. పదాలను జాముకొకటిగా పలికితే సన్నిధి చెడుతుంది. ఇక్కడ ఎదురుచూపుకు గడువు, మనం మార్చకపోతే, 10 సెకన్లు. నిప్పుతో తడపమంటే ఆ మాటకు యోగ్యత లేదు. ఈ యోగ్యతనే నేను మరచిపోయాను.

బద్ధకించి, ప్రశ్నార్థకం కనిపిస్తే చాలు 'వై' అని పంపమని వ్రాశాను. కొన్ని నెలలు బాగానే గడిచింది. ఒక రాత్రి పాటలున్న డిస్కు చెడిపోయింది. ఇక్కడ పాటలేవీ కనిపించకపోయేసరికి, 'ఇక్కడ లేనివాటిని అక్కడ కూడా తీసివేయనా?' అని ప్రోగ్రాము ధర్మంగానే అడిగింది. నా స్క్రిప్టు అవునంది. అటువంటి రోజుకోసమే దాచుకొన్న ప్రతిని నా చేతులతో నేనే తుడిపించుకొన్నాను. అమ్మ అప్పటికి లేదు. అక్కయ్యా నేనూ కూర్చుని, గుర్తుకు తెచ్చుకొని, పద్దెనిమిది పాటలను తిరిగి కూర్చగలిగాము.

ఇప్పుడు నా స్క్రిప్టులో ప్రతి ప్రశ్ననూ పూర్తి పాఠంతో వ్రాశాను. ఇంకొక మెలిక ఉన్నది. గడువు తీరితే ఎక్స్‌పెక్ట్ తనంతట తాను ఆగదు, తరువాతి ఆజ్ఞకు వెళ్ళిపోతుంది. కనుక 'గడువు తీరితే ఆగిపో' అని విడిగా చెప్పాలి. నేను ఎదుటనే ఉన్నప్పుడైతే ఇంటరాక్ట్ అనే ఆజ్ఞ సంభాషణను తిరిగి నా చేతికి ఇస్తుంది.

ప్రశ్న పూర్తిగా వినకుండానే చేయి ఎత్తే పిల్లలను బడిలో ముప్పై అయిదేళ్ళు మందలించాను. అటువంటి పిల్లవాడిని ఒకడిని నేనే తయారుచేసి, రాత్రిపూట ఇంటికి కాపలా పెట్టానని తెలుసుకోవడానికి ఎనిమిది పాటలు ఖర్చయ్యాయి.