మూడవ తల్లి

దయ్యముల చిత్రమును గుఱించి వ్రాయబోవుచున్నానని తెలిసినచో సోదరీమణులు కొందఱు ముఖము చిట్లింతురేమో. మా అత్తగారు బ్రతికియున్న దినములలో నేనిట్టి చిత్రముల మాట యెత్తినప్పుడెల్ల, “దీపాలు పెట్టే వేళ ఆ పాడు కబుర్లెందుకమ్మా” అని కసరెడివారు. ఆమె కసరుట న్యాయమే. అయినను మా అన్నయ్యకును నాకును నడుమ పండ్రెండేండ్లు నిలిచిన యొక తగవు ఇట్టి చిత్రము మూలముననే పుట్టినది కావున దీనిని చెప్పక తీఱదు.

మాది కాకినాడ. 1987 వేసవిలో అన్నయ్య ఇంజనీరింగు చదువు నడుమ సెలవులకు వచ్చి, స్నేహితుని యొద్దనుండి యొక వీడియో క్యాసెట్టును, బజారునుండి ఒక్క రాత్రికి అద్దెకు వీసీపీని తెచ్చెను. ఆ క్యాసెట్టులోనిది ‘సస్పీరియా’ యను చిత్రము. 1977లో ఇటలీ దేశపు దర్శకుడు డారియో ఆర్జెంటో తీసినది. నానమ్మ నిద్ర చెడునని ధ్వని తగ్గించి, నడిమింటిలో దీపమార్పి, చాపమీద కూర్చుండి చూచితిమి.

అమెరికానుండి నాట్యము నేర్చుకొనుటకై యొక యువతి జర్మనీలోని ఫ్రైబుర్గు పట్టణమునకు, కుంభవృష్టి కురియుచున్న రాత్రివేళ, ఒంటిగా వచ్చును. ఆమె చేరిన నాట్యశాల మంత్రగత్తెల నెలవు. కథ ఇంతే. ఆ చిత్రమునకు ప్రాణము కథ కాదు, రంగులు. గోడలు నెత్తురువలె ఎఱ్ఱగా నుండును, అంతలో నీలమగును, నడవలో పచ్చని వెలుగు పాకివచ్చును. 1937లో డిస్నీవారు తీసిన ‘స్నో వైట్’ బొమ్మల చిత్రములోని రంగులు తనకు కావలయునని ఆర్జెంటో కోరెనట. ఛాయాగ్రాహకుడు లూచియానో తొవోలి పెద్ద పెద్ద దీపముల కెదురుగా రంగుల మఖ్మలు గుడ్డలను, పలుచని కాగితములను కట్టి, ఆ వెలుగును నటుల ముఖములమీదికి వదలెను. మొదట పదేండ్ల పిల్లలతో తీయవలెనని తలచి, అది సాగక యువతులను పెట్టుకొన్నప్పుడు, తలుపుల పిడులను మాత్రము తలల యెత్తున బిగింపించెనట. చూచువారికి కారణము తెలియకయే, ఆ యువతులు పెద్దల యింట చిక్కిన పసిపిల్లలవలె కనబడుదురు. ఈ సంగతులన్నియు నాకు చెప్పినవాడు అన్నయ్యయే. ఆ రాత్రితో అతడు ఆర్జెంటోకు దాసుడయ్యెను.

చిత్రము మొదలయిన కొంతసేపటికి మా అమ్మ రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చి గుమ్మములో నిలుచుండెను. తెఱమీద ఆ పిల్ల వానలో తడిసి, ఎవరును తలుపు తీయక, టాక్సీలో తిరిగి పోవుచున్నది.

“ఆ పిల్లకి తల్లి లేదుట్రా? ఇంత వానలో ఒక్కదాన్నీ పంపించారూ?” అని అమ్మ అడిగెను.

మేము పగలబడి నవ్వితిమి. అంత గొప్ప చిత్రమును చూచి అడుగవలసిన ప్రశ్న అదియా! అమ్మ మజ్జిగ క్రింద పెట్టి, “గడియ వేసుకుని పడుకోండి” అని వెడలిపోయెను. ఆ రాత్రి రెండుగంటలవేళ నేను చాప చుట్టుకొని అమ్మ ప్రక్కకు పోయి పండుకొన్నమాట అన్నయ్యకు చాలకాలము తెలియదు.

ఆర్జెంటో మనసులో అది ముగ్గురు మంత్రగత్తెల కథ. 1845లో థామస్ డిక్విన్సీ యను ఆంగ్ల రచయిత వ్రాసిన యొక గ్రంథములో దుఃఖమునకు అధిదేవతలైన ముగ్గురు మాతలు కలరు: నిట్టూర్పుల మాత, చీకట్ల మాత, కన్నీళ్ల మాత. వారినే ఇతడు మంత్రగత్తెలను చేసెను. మొదటి చిత్రము నిట్టూర్పుల మాతది. చీకట్ల మాతకు 1980లో ‘ఇన్ఫెర్నో’ యను చిత్రము తీసెను. అది న్యూయార్కులో జరుగును. నీటితో నిండిన గదిలోనికి ఒక స్త్రీ తాళపుచెవికై దిగు ఘట్టము తప్ప నాకందులో నేమియు జ్ఞాపకము లేదు. కాని ఒక మాట మనసులో నిలిచినది. ఆ ముగ్గురును పేరునకే తల్లులనియు, నిజమునకు ప్రాణము పోయజాలని సవతితల్లులనియు అందులోని పాతపుస్తకము చెప్పును. (సవతితల్లులనగానే దుష్టులనుట ఏ దేశమునను తప్పలేదు కాబోలు!)

ఇక మూడవ మాత మిగిలెను. అభిమానులు ఆమెకై కాచుకొనిరి. ఒకటి కాదు, రెండు కాదు, 27 ఏండ్లు. అన్నయ్య చదువు ముగించి, అమెరికాకు పోయి, పెండ్లియాడి, ఇద్దఱు పిల్లల తండ్రియై, తల నెరసినను కాచుకొనియే యుండెను. 2007లో ఆ చిత్రము వచ్చెను. ఇటలీ భాషలో దాని పేరునకు ‘మూడవ తల్లి’ యని యర్థము. ఇంగ్లీషున ‘మదర్ ఆఫ్ టియర్స్’ అనిరి. సెప్టెంబరులో కెనడాలోని టొరంటో చిత్రోత్సవమున అర్ధరాత్రి యాటగా ప్రదర్శించిరి. అక్టోబరు 31వ తేదీన ఇటలీలో విడుదలయ్యెను.

వెంటనే అభిమానులు రెండుగా చీలిరి. రంగులేవి? అని ఒక పక్షము. అంతయు మట్టిరంగు, మామూలు వెలుగు. కంప్యూటరుతో గీసిన భూతములు. నెత్తురు మాత్రము వెనుకటికంటె మెండు. ఈ ముసలివాడు తన కీర్తిని తానే మంటగలుపుకొన్నాడని వారి వాదము. చేసినదే చేయుటకు అతడేమి గానుగయెద్దా? రోమునగరమంతయు పిచ్చియెత్తి తన్నుకొనుచుండగా పాతరంగులెందుకు? భయపెట్టుటలో ఇంత సంబరము యువకులకైన కలదా? అని రెండవ పక్షము.

ఈ వాదము మన యిండ్లలో విననిది కాదు. మా అత్తగారి చేతి ఆవకాయకు ఒకప్పుడు మా బంధువుల యిండ్లలో పేరుండెడిది. డెబ్బదియేండ్లు దాటిన తరువాత ఆమె కారము తగ్గించి, బెల్లపుముక్క వేసి కలుపుట మొదలుపెట్టెను. “అత్తయ్యకు చేయి తప్పింది” అని కొందఱు. “నాకిప్పుడు ఇదే బాగుంది” అని ఆమె. జాడీ ఖాళీ చేయుట మాత్రము అందఱును మానలేదు.

మా అమ్మ 2007 డిసెంబరులో పోయెను. పదునొకండు దినములు ఆసుపత్రిలో నుండెను. అన్నయ్యకు టిక్కెట్టు దొరికి వచ్చునప్పటికి మూడవనాటి పని నడుచుచున్నది. మరుసటి యేడు సంవత్సరీకమునకు వచ్చినప్పుడు అతడు ఆ చిత్రపు డిస్కును తెచ్చెను. తద్దినమునకు ముందునాటి రాత్రి, అదే నడిమింటిలో ఇద్దఱము కూర్చుంటిమి.

చిత్రము మంచిదని నేననను. విటెర్బోలో శ్మశానముచెంత దొరికిన యొక పాత్రను రోములోని ప్రదర్శనశాలలో తెఱచుటతో కన్నీళ్ల మాత మేల్కొనును. నగరమున ప్రజలు ఒకరినొకరు చంపుకొందురు. ఒక తల్లి వంతెనమీదినుండి పసిబిడ్డను పాఱవేయు ఘట్టమున నేను ముఖము త్రిప్పుకొంటిని, మఱల చూడదలచుకోలేదు. అన్నయ్య అడుగడుగునకు నిట్టూర్చుచు, “ఇది చూడు, ఇది చూడు” అని తప్పులు లెక్కపెట్టుచుండెను.

కథానాయిక శారా అనాథ. ఆమెను వేషము కట్టినది దర్శకుని కూతురు ఆసియా ఆర్జెంటో. ఆపదలో శారాకు ఒక ఆడగొంతు వినబడి దారి చూపుచుండును. అది ఎన్నడో మరణించిన ఆమె తల్లి గొంతు. ఆ తల్లియు మంత్రవేత్తయే; మంచి మంత్రవేత్త. మొదటి చిత్రములోని నిట్టూర్పుల మాతతో పోరాడి, ఆమెను దుర్బలురాలినిచేసి, ఆ పోరాటము మూలముననే ప్రాణము విడిచినదట. ఆ తల్లి వేషము కట్టినది డారియా నికొలోడి. ఆమె ఆసియాకు నిజముగా కన్నతల్లి. ఆర్జెంటోతో పెక్కేండ్లు కలిసి బ్రదికి, విడిపోయిన స్త్రీ. అంతేకాదు, ‘సస్పీరియా’ కథను అతనితో కలిసి వ్రాసినది ఆమెయే. మంత్రవిద్య నేర్పెడి యొక పాఠశాలనుండి తన అమ్మమ్మ పాఱిపోయి వచ్చెనని ఆమె చెప్పెడిది. ఆ కథ నిజమా కల్పితమా యను విషయమున తగవులున్నవి. రెండవ చిత్రమునకును తన పాలు కలదని ఆమె చెప్పెను గాని, రచయితల పేర్లలో ఆమె పేరు లేదు.

కూతురు చిక్కులోపడినప్పుడు ఆ తల్లి ఆత్మ కనబడి అడ్డుపడును. ఆ బొమ్మ నిజముగా బాగుగా లేదు. పొగమీద అతికించినట్లు, పలుచగా, వెలవెలబోవుచు కనబడెను.

అన్నయ్య ఫక్కున నవ్వెను. “చూశావా? ఇరవయ్యేడేళ్ళు కాచుకుంటే ముసలాయన ఇచ్చింది ఇదీ!”

నేను అప్పటికే కొంగుతో కన్నులు తుడుచుకొనుచుంటిని. ‘ఆ పిల్లకి తల్లి లేదుట్రా’ యని అమ్మ అడిగిన గుమ్మము నా యెదుటనే యున్నది. మొదటి చిత్రములో ఆమె ప్రశ్నకు సమాధానము లేదు. తల్లులని పేరుపెట్టుకొన్న ముగ్గురుండిరి గాని, తల్లి లేదు. మూడవదానిలో ఎట్లో, ఏ పాడుబొమ్మగానో, తల్లి వచ్చినది. కూతురిని కన్నదియు, మొదటి కథను వ్రాసినదియు నైన స్త్రీ వచ్చి నిలిచినది. అన్నయ్య దానిని చూచి నవ్వుచున్నాడు. నాకు ఒడలు మండెను.

“ముసలాయన సినిమా కోసం ఇరవయ్యేడేళ్ళు కాచుకున్నావు. అమ్మ నీకోసం పదకొండు రోజులు కాచుకుంది అన్నయ్యా.”

అతడు నావైపు చూడలేదు. చిత్రము ముగియువఱకు కదలలేదు. కడపట మంత్రగత్తె చచ్చిన పిదప శారాయును, ఆమెతో బయటపడిన పోలీసు ఉద్యోగియు ఊరక నవ్వుదురు. ఎందుకో తెలియని నవ్వు. ఆ నవ్వును గుఱించికూడ అభిమానులు కొట్లాడుకొందురని అన్నయ్య వెనుక చెప్పియుండెను. ఆనాడు మాత్రము ఏమియు అనక డిస్కు తీసి పెట్టెలో పెట్టుకొని, పెరటిలోనికి పోయి నిలుచుండెను. మరునాడు పిండములు పెట్టునప్పుడును, ఊరికి పోవునప్పుడును నాతో కావలసినంతకంటె నొక్కమాట యెక్కువ ఆడలేదు. పండుగలకు ఫోను చేసెడివాడు. పిల్లలను అడిగెడివాడు. చిత్రముల మాట ఎన్నడును తేలేదు. 2018లో లూకా గ్వాడన్యీనో యను మఱియొక దర్శకుడు ‘సస్పీరియా’ను తిరుగ తీసి, ఆ రంగులను బొత్తిగా విడిచిపెట్టినప్పుడు కూడ తేలేదు. తగవులాడుటకు అంతకంటె మంచి సమయమేది!

2020లో కరోనా వచ్చెను. ఆ శ్రావణమాసములో నాకు జ్వరము తగిలి పదునాలుగు దినములు మేడమీది గదిలో ఒంటిగా నుంటిని. కంచము గుమ్మముముందు పెట్టి దూరము జరిగెడివారు. మా అమ్మాయి రెండువీధుల ఆవలనే యున్నది; చంటిబిడ్డతో నున్నది. రావలదని నేనే చెప్పితిని. చెప్పియు, మెట్లమీద చప్పుడైనప్పుడెల్ల అదియేమో యని చూచితిని. పదునొకండవనాడు నేనన్న మాట నాకు జ్ఞాపకము వచ్చెను. అన్నయ్యకు ఉత్తరము వ్రాయవలెనని రెండుమార్లు కూర్చుంటిని, వ్రాయలేకపోతిని.

నవంబరు 26వ తేదీన డారియా నికొలోడి మరణించెను. ఆమెకు 70 ఏండ్లు. రెండు మూడు దినముల తరువాత, మనకు తెల్లవాఱుజామున, అన్నయ్య ఫోను చేసెను. ఆవేళప్పుడు ఫోను మ్రోగగానే గుండె జల్లుమన్నది.

“కంగారేం లేదులే. ఆవిడ పోయిందిట. చూశావా?”

“చూశాను.”

“మూడోది మళ్ళీ పెట్టాను రాత్రి.”

నేనూరకుంటిని.

“బాగా లేదు. ఇప్పుడూ బాగా లేదనే అంటాను. ఆ దయ్యం మరీ అధ్వాన్నం.” కొంచెము ఆగెను. “ఈసారి నవ్వలేదు.”

“ఆవేళ నేనట్లా అని ఉండకూడదు అన్నయ్యా.”

“అన్నావులే. ... ఆ రోజు మజ్జిగ పట్టుకొచ్చి అమ్మ ఏదో అడిగింది, జ్ఞాపకముందా? నాకు మాటలు సరిగ్గా రావటం లేదు.”

చెప్పితిని. అమ్మ గొంతు పెట్టి చెప్పితిని. ఆవల చాలసేపు శబ్దము లేదు. ఫోను తెగినదేమో యనుకొని రెండుమార్లు పిలిచితిని.

“ఉన్నానే,” అనెను. పిదప, “అయినా ఆ రంగులు తీసెయ్యటం మాత్రం నేనొప్పుకోను” అనెను.

“నేనూ ఒప్పుకోను. కాని ఆవకాయలో బెల్లం బాగానే ఉండేది” అంటిని.

అతనికి అర్థము కాలేదు. మా అత్తగారి జాడీ కథ మొదటినుండి చెప్పవలసి వచ్చెను. చెప్పుచుండగనే తెల్లవాఱెను.