తెలియక ఒకటి, తెలుసనుకుని ఒకటి

మా దర్శి వైపు మిరపకీ పత్తికీ మందు కొట్టాలంటే ఇప్పుడు బ్యాటరీ పంపే. ఆ పంపు బ్యాటరీలు రెండు పాడుచేశాను. మొదటిది తెలియక, రెండోది తెలుసనుకుని.

మొదటిది లెడ్ యాసిడ్ బ్యాటరీ. మిరప కోతలయ్యాక, దిగిపోయిన బ్యాటరీతోనే పంపును మూలన పెట్టేశాను. వాడేటప్పుడు దాని పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జింగ్ పెడితే చాలావరకు పోతుంది. నెలల తరబడి వదిలేస్తే పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది, ఇక చార్జింగ్ ఎక్కదు. అప్పటినుంచి ‘ఫుల్ చేసి దాచాలి’ అన్నది నాకు వేదవాక్కు.

తర్వాత లిథియం బ్యాటరీ కొన్నాను. అదే వేదవాక్కు ప్రకారం ఫుల్ చేసి, రేకుల షెడ్డులో వేసవంతా ఉంచాను. మళ్లీ సాగుకి తీస్తే చేను సగంలోనే పంపు ఆగిపోయింది.

లిథియం బ్యాటరీలోనూ ఒక పొర పేరుకుంటుంది, కానీ దాని కథ వేరు. మొదటిసారి చార్జ్ చేసినప్పుడు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ దగ్గర బ్యాటరీలోని ద్రావణం కొంత విచ్ఛిన్నమై, పుండు మీద పక్కులా పొర కడుతుంది. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. లిథియం అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపుతుంది. దాంతో ద్రావణం ఇంకా పాడవకుండా నిలుస్తుంది. అందుకే ఫ్యాక్టరీలోనే నెమ్మదిగా చార్జ్ చేసి ఈ పొరను కట్టిస్తారు. ఇలాంటి పొరకు 1979లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ పెలెడ్ ‘సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్’ అని పేరు పెట్టారు. ఇది లేకపోతే ఈనాటి సెల్‌ఫోన్ బ్యాటరీ లేదు.

అయితే ఈ పొర కట్టడానికి లిథియమే ఖర్చు. వేడికి పొర దెబ్బతిని మళ్లీ కట్టుకుంటుంది, మందమవుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఆ పని ఇంకా జోరందుకుంటుంది. పొరలో చిక్కిన లిథియం మళ్లీ కరెంటుకి పనికిరాదు. మా ఎండకి కాలే రేకుల కింద, ఫుల్ చార్జింగ్‌తో, నేను చేయించింది సరిగ్గా అదే.

ఒక తప్పు నేర్పిన పాఠాన్ని పరీక్షించకుండా ఇంకోచోట వాడితే, అది రెండో తప్పవుతుంది. రైతు సోదరులారా, కోతలయ్యాక లెడ్ యాసిడ్ అయితే నిండా చార్జ్ చేసి, మధ్యమధ్య మళ్లీ పెడుతుండండి. లిథియం అయితే సగం చార్జింగ్‌లో, చార్జరు తీసేసి, ఇంట్లో చల్లని చోట పెట్టండి. ముందు మీ పంపులో ఉన్నది ఏ బ్యాటరీయో చూసుకోండి.