జపాన్ ఇంట్లో మా అమ్మాయి

మా అమ్మాయి చదువుకోసం క్యోటోలో ఓ కుటుంబంతో ఉంటోందంటే మీరూ మొదట అడిగేది తిండి గురించేగా! మేం శాకాహారులం. అక్కడి మిసో సూప్‌లో పైకి కనిపించేవి టోఫూ, సముద్రపు నాచూనే. తీరా చూస్తే ఆ చారు కాచేది ఎండుచేప తురుముతోనట! "అంత ప్రేమగా పెడుతుంటే వద్దని ఎలా చెప్పనమ్మా?" అని ఫోన్లో ఒకటే ఏడుపు. "ఆకలితో మాడకు, చెప్పెయ్యవే" అన్నాను. మర్నాటినుంచి ఆ ఇంటావిడ కొంబు అనే నాచును నానబెట్టి, ఆ నీళ్ళతో దీనికి విడిగా చారు కాస్తోంది.

ఇక స్నానం! బయటే ఒళ్ళు రుద్దుకుని, శుభ్రంగా కడుక్కున్నాకే వేడినీళ్ళ తొట్టిలో దిగాలి. ఆ నీళ్ళే ఇంటిల్లిపాదికీ. దీనికి మాత్రం నాకింకా మనసొప్పలేదు సుమండీ!

ఇప్పుడావిడ పప్పుచారు నేర్పమంటోందట. ఇంగువ వాసనకి ఏమంటుందో చూడాలి.