వేరుకూ గాలి కావాలి

ఆర్కిడ్ మొక్క దాహంతో చనిపోవడం అరుదు. ప్రేమకొద్దీ అతిగా పోసిన నీటితోనే ఎక్కువగా చనిపోతుంది. ఇళ్లలో పెంచే ఆర్కిడ్లలో చాలావరకు మట్టిలో పుట్టినవి కావు. చెట్టుకొమ్మను ఆశ్రయిస్తాయే గాని, బదనికలా దాని సారాన్ని పీల్చవు. వాన నీరు, గాలిలోని తేమ, బెరడుపై చేరిన కుళ్లిన ఆకుల సారం, సృష్టికర్త వాటికి ప్రసాదించిన ఉపాధి ఇంతే. మన నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో వాండా జాతి ఆర్కిడ్లు ఇలాగే జీవిస్తున్నాయి.

గద్వాలలోని మా ఇంట కోడలు పెంచుతున్న డెండ్రోబియం కుండీలో మట్టి లేదు; బొగ్గు, ఇటుక ముక్కలే ఉన్నాయి. వేళ్లు వెండిలా తెల్లబడితే నీళ్లు పోస్తాము, పచ్చగా ఉంటే ఆగుతాము. మా ప్రాంతపు వడగాలికి తేమ నిలవదు. కాబట్టి వేసవిలో కుండీని తూర్పు కిటికీ దగ్గర లేత ఎండలో ఉంచి, కింద గులకరాళ్లు పరచిన నీటి పళ్లెం పెడతాము. కుండీ అడుగును మాత్రం నీటికి తగలనివ్వము.

చలికాలంలో దాని ఆకులు రాలాయి. చూసినవారు పారేయమన్నారు. కాని కాడలు గట్టిగానే ఉన్నాయి. డెండ్రోబియం నీటిని దాచుకునేది వాటిలోనే. వానాకాలంలో ఆ పాత కాడలకే పూలు వచ్చాయి.

అవి విచ్చిన రోజుల్లోనే వనపర్తి నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చారు. హిఫ్జ్‌లో వెనుకబడిన కుమారుణ్ణి మదర్సా మాన్పిస్తానన్నారు. మేము వాదించలేదు, ఆ మొక్క సంగతి చెప్పాము. ఆయన చాలాసేపు దానినే చూసి, "ఇంకో ఏడాది ఉంచుతాను మౌలానా" అన్నారు.